ట్రస్టు మాట వినకుండానే 12ఏబీ దరఖాస్తు కొట్టేశారా? ట్రిబ్యునల్‌లో అప్పీలు ఇలా వేయండి

ఛారిటబుల్ ట్రస్టుల అప్పీళ్లు చూస్తుంటే బాధేస్తుంది. పదేళ్లుగా పిల్లలకు చదువు చెప్పిస్తున్న సంస్థ కూడా గ్రౌండ్స్‌లో, అంటే అప్పీలుకు కారణాలు రాసే చోట, ‘సహజ న్యాయ సూత్రాలను ఉల్లంఘించారు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఏ నోటీసు, ఏ తేదీన వచ్చింది, ఎన్ని రోజులు గడువిచ్చారు, అవకాశం ఇచ్చి ఉంటే ఏం చూపించేవాళ్లు? ఇవేవీ ఉండవు. గెలవాల్సిన కేసులు ఇక్కడే పోతున్నాయి.

ముందు తేలికైన పనులు చెప్పేస్తాను. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం 12ఏబీ సెక్షన్ కింద ట్రస్టు అడిగిన రిజిస్ట్రేషన్‌ను కమిషనర్ (ఎగ్జెంప్షన్స్) తిరస్కరిస్తే కింది స్థాయి అప్పీలు ఉండదు. 253 సెక్షన్ కింద నేరుగా ఆదాయపు పన్ను అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు, అంటే మన దగ్గర జిల్లాను బట్టి హైదరాబాద్ బెంచ్‌కో విశాఖపట్నం బెంచ్‌కో వెళ్లాలి. ఫారం 36 నింపాలి, ఫీజు 500 రూపాయలు. 2024 అక్టోబర్ 1 నుంచి గడువు లెక్క మారింది. ఆర్డర్ అందిన నెల ముగిశాక రెండు నెలలు ఉంటుంది. జూన్ 10న అందితే ఆగస్టు నెలాఖరు దాకా టైం ఉన్నట్టు. గడువు దాటితే ఆలస్యానికి కారణం చెబుతూ అఫిడవిట్ జత చేయండి. నేను చెప్పే సెక్షన్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమల్లో ఉంది కాబట్టి, మీ ఆర్డర్ ఏ చట్టం కింద వచ్చిందో చూసుకుని నంబర్లు వేయండి.

‘అప్పీలెందుకు, మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టుకోండి’ అనే సలహా వింటే నాకు కోపమొస్తుంది. అలా చేస్తే మధ్యలో పోయిన సంవత్సరాల మినహాయింపు చేజారే ప్రమాదం ఉంది. పైగా రిజిస్ట్రేషన్ రద్దయితే 115టీడీ సెక్షన్ కింద ట్రస్టు కూడబెట్టిన ఆస్తుల మీదే గరిష్ఠ రేటు పన్ను పడొచ్చు. కొందరు నేరుగా హైకోర్టులో రిట్ వేస్తారు. అప్పీలు మార్గం ఉండగా రిట్ ఎందుకని కోర్టు వెనక్కి పంపిందంటే నెలలు గడిచిపోతాయి. ట్రిబ్యునలే సరైన దారి.

ఇక అసలు కష్టమైన పని: హియరింగ్ దక్కలేదని నిరూపించడం.

ముందు తేదీల పట్టిక తయారు చేయండి. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో పెండింగ్ యాక్షన్స్ కింద ఈ-ప్రొసీడింగ్స్ తెరిచి, ప్రతి నోటీసు పీడీఎఫ్ దించుకోండి. నోటీసు మీద ఉన్న తేదీ, మెయిల్ వచ్చిన సమయం, సమాధానానికి ఇచ్చిన గడువు, మీరు పెట్టిన వాయిదా విన్నపం, దాని అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఒక్కో వరుసలో రాయండి. శుక్రవారం సాయంత్రం నోటీసు వచ్చి సోమవారం గడువు ముగిసిందనుకోండి, ఆ ఒక్క వరుసే బెంచ్‌కు కథంతా చెబుతుంది. మెయిల్ ఎవరి అడ్రసుకు వెళ్లిందో కూడా రాయండి. ఎప్పుడో మానేసిన ఆడిటర్ మెయిలే ప్రొఫైల్‌లో ఉండిపోయిన ట్రస్టులు ఎన్నో.

నోటీసు పోర్టల్‌లో మాత్రమే పెట్టి, మీకు వేరేగా పంపకపోతే గట్టిగా వాదించండి. ముంజాల్ బీసీయూ సెంటర్ కేసులో పంజాబ్-హర్యానా హైకోర్టు 2024లో, పోర్టల్‌లో పెట్టినంత మాత్రాన నోటీసు అందజేసినట్టు కాదని చెప్పింది. మెయిల్ వచ్చిందా లేదా అన్నది మాత్రం ముందే ఖాయం చేసుకోండి. వచ్చిన మెయిల్‌ను రాలేదని అఫిడవిట్‌లో రాయొద్దు. డిపార్ట్‌మెంట్ తరఫున వాదించే ప్రతినిధి (డీఆర్) డెలివరీ రికార్డు చూపిస్తే ఆ తర్వాత మీ మాట ఎవరూ నమ్మరు. నోటీసు చూసి కూడా స్పందించలేకపోతే ఆ కారణమే నిజాయతీగా రాయండి. ఖర్చుల కింద కొంత కట్టమని చెప్పినా మళ్లీ అవకాశం దక్కొచ్చు.

అందరూ వదిలేసేది దీని తర్వాతి మెట్టు. అన్యాయం జరిగిందంటే చాలదు, దానివల్ల ఏం నష్టపోయామో చూపాలి. ట్రస్ట్ డీడ్, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, కార్యక్రమాల బిల్లులు, ఫొటోలు, లబ్ధిదారుల వివరాలు పేపర్ బుక్‌గా కట్టండి. ఇండెక్స్, పేజీ నంబర్లు తప్పనిసరి. కాపీ డిపార్ట్‌మెంట్‌కు ముందే అందజేసి రసీదు తీసుకోండి. కమిషనర్ ముందు పెట్టని కాగితాలుంటే ట్రిబ్యునల్ రూల్స్‌లోని 29వ రూల్ కింద అదనపు సాక్ష్యంగా స్వీకరించమని వేరే పిటిషన్ వేయండి. అది లేకుండా కాగితాలు దొంతరగా ఇచ్చేస్తే చదవాల్సిన బాధ్యత బెంచ్‌కు ఉండదు. మన రాష్ట్రాల వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు 2022లో రాష్ట్ర ఛారిటీల చట్టాల పాటింపు కూడా అవసరమని చెప్పింది. 1987 దేవాదాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటే ఆ కాగితం మొదట్లోనే పెట్టండి.

‘మీకు చెప్పుకోవాల్సింది ఇప్పుడు ఇక్కడ చెప్పుకున్నారుగా’ అని డీఆర్ అంటే, టిన్ బాక్స్ కంపెనీ కేసు చూపండి. అసెస్‌మెంట్ ఆర్డర్ ఇచ్చే ముందే తగిన అవకాశం ఇవ్వాలని, పై అప్పీల్లో సాక్ష్యం పెట్టుకోవచ్చుగా అనడం దానికి జవాబు కాదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. 12ఏబీ కూడా తిరస్కరించే ముందు తగిన అవకాశం ఇవ్వాలనే అంటోంది.

ప్రేయర్‌లో, అంటే ట్రిబ్యునల్‌ను ఏం కోరుతున్నారో రాసే చోట, రెండూ అడగండి: కాగితాల ఆధారంగా రిజిస్ట్రేషన్ ఇమ్మని, లేదంటే వెనక్కి పంపి కొత్తగా విచారించమని. వెనక్కి పంపితే ఎంత గడువులో తేల్చాలో కూడా అడగాల్సిందే.

కేసును కమిషనర్‌కు వెనక్కి పంపే రిమాండ్ ఆర్డర్ రాగానే నోటీసు కోసం కూర్చోవద్దు. అదే వారంలో పోర్టల్‌లో మెయిల్, ఫోన్ నంబరు మార్చి, ట్రిబ్యునల్ ఆర్డర్ కాపీతో పాటు కాగితాలన్నీ కమిషనర్ ఆఫీసులో ఇచ్చి ముద్ర వేయించుకోండి. స్వయంగా గానీ వీడియోలో గానీ విచారణ కావాలని ఆ లేఖలోనే రాయండి.