ఆర్డర్ రాని క్లిక్కులకు డబ్బు పోకుండా

అమెజాన్‌లో ఆటో క్యాంపెయిన్ (యాడ్ ఎవరి సెర్చ్‌కి చూపాలో అమెజానే ఎంచుకునే పద్ధతి) పెట్టిన వాళ్లకి తెలిసిన బాధే ఇది. క్లిక్కులు పడతాయి, డబ్బు కట్ అవుతుంది, ఆర్డర్ మాత్రం రాదు.

నెలకోసారి స్పాన్సర్డ్ ప్రొడక్ట్స్ సెర్చ్ టర్మ్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేయండి. జనం ఏం వెతికితే మీ యాడ్‌కి క్లిక్కులు పడ్డాయో, ఎంత ఖర్చయిందో, ఎన్ని ఆర్డర్లు వచ్చాయో అందులో ఉంటుంది. తేదీల్లో చివరి 7 రోజులు వదిలేయండి, ఈరోజు క్లిక్ చేసినవాళ్లు నాలుగు రోజులాగి కొన్నా ఆ ఆర్డర్ ఈ క్లిక్ ఖాతాలోకే వస్తుంది. ఎక్సెల్‌లో ఆర్డర్లు సున్నా ఉన్న వరసలు మాత్రం ఉంచి, ఖర్చు ఎక్కువున్నవి పైకి తెచ్చుకోండి. ఒక్కో పీసు మీద మీకు మిగిలేది 150 రూపాయలు అనుకుందాం. 150 దాటి తినేసిన ప్రతి సెర్చ్‌నీ నెగెటివ్ ఎగ్జాక్ట్‌లో (అచ్చం ఆ మాటలే వెతికితే యాడ్ చూపొద్దని చెప్పే జాబితా) వేసేయండి. కాటన్ చీరలు అమ్మేవాళ్లకి "పట్టు చీర", "రెడీమేడ్ బ్లౌజ్" లాంటివి అక్కడ తప్పకుండా తగులుతాయి. మధ్యలో "బి0"తో మొదలయ్యే కోడ్‌లు కనిపిస్తే అవి సెర్చ్‌లు కావు, వేరే ప్రొడక్టుల పేజీలు. వాటిని నెగెటివ్ ప్రొడక్ట్ టార్గెటింగ్‌లో పెట్టాలి.

నెగెటివ్ ఫ్రేజ్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు, అది ఆ మాట ఉన్న ప్రతి సెర్చ్‌నీ ఆపేస్తుంది. "బ్లౌజ్" అని ఒక్క మాట ఫ్రేజ్‌లో వేశారంటే, "కాటన్ చీర విత్ బ్లౌజ్" అని వెతికే అసలు గిరాకీకి కూడా మీ యాడ్ కనపడదు.