రగ్బీ ఆడుతూనే కోచింగ్‌లోకి ఎలా దిగాలి: వైజాగ్ కుర్రాళ్లకి

స్టేట్‌కి ఆడి, నేషనల్స్ చూసి, ఇప్పుడు మోకాలు మొరాయిస్తుంటే "ఇంకేటి చేద్దాం, కోచింగ్ ఇచ్చేద్దాం" అనుకునే వాళ్ల కోసం రాస్తున్నా. ముందే చెప్పేస్తా, ఆట బాగా ఆడినోడు బాగా నేర్పిస్తాడని గ్యారంటీ ఏం లేదు, అది వేరే పని, నేర్చుకోడానికి టైమ్ పడుతుంది, ఆ టైమ్ మీరు ఇంకా ఆడుతున్నప్పుడే దొరుకుతుంది. ఆట మానేశాక దొరకదు, అప్పటికి ఇంట్లో జీతం సంగతి అడగడం మొదలెడతారు.

పెద్దోళ్లు ఎలా చేశారో చూడండి. వారెన్ గాట్లాండ్ అని న్యూజిలాండ్ హుకర్ (ముందు వరస మధ్యలో ఆడేవాడు), ఆల్ బ్లాక్స్‌లో, అంటే వాళ్ల జాతీయ జట్టులో ఉన్నాడు గానీ అదే పొజిషన్‌లో షాన్ ఫిట్జ్‌పాట్రిక్ ఉండేసరికి ఒక్క టెస్టు (దేశాల మధ్య అధికారిక మ్యాచ్) కూడా ఆడలేదు. ఐర్లాండ్‌లో గాల్వీజియన్స్ క్లబ్‌కి ఆడుతూనే కోచింగ్ చేశాడు, తర్వాత కనాట్ అనే ఐర్లాండ్ ప్రావిన్స్ జట్టుకి కోచ్, 1998లో ఐర్లాండ్ జట్టుకి, ఆ తర్వాత వేల్స్‌కి. బెంచీ మీద కూర్చున్నోడికి ఆట ఎక్కువ కనబడుతుందేమో అని నా డౌటు. ఇంకోపక్క రోనన్ ఓగారా, ఐర్లాండ్‌కి 128 టెస్టులు ఆడినోడు, 2013లో రిటైరయ్యి ఫ్రాన్స్‌లో రేసింగ్ క్లబ్‌లో అసిస్టెంటుగా చేరాడు, తర్వాత న్యూజిలాండ్ వెళ్లి క్రూసేడర్స్ జట్టు దగ్గర మళ్లీ అసిస్టెంటే, ఆ తర్వాతే ఫ్రాన్స్‌లో లా రొషెల్ క్లబ్‌కి హెడ్ కోచ్, అక్కడ 2022, 2023 రెండేళ్లూ ఛాంపియన్స్ కప్ (యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు) గెలిపించాడు. అంత పేరున్నోడే ఇంకొకరి కింద పనిచేశాడు, మనకేం నామోషీ?

సో ఫస్ట్ పని, మీ ఏరియాలో ఏదో ఒక స్కూల్ పీఈటీ సార్ని పట్టుకోండి, గాజువాకో మధురవాడో మీ ఇష్టం, వారానికి రెండు సాయంత్రాలు నేనొచ్చి సాయం చేస్తా సార్ అనండి. డబ్బుల మాట ఎత్తకండి ఇప్పుడే. ఈలోపు ఫోన్లోనే వరల్డ్ రగ్బీ (ప్రపంచ రగ్బీ సంస్థ) వాళ్ల ఆన్‌లైన్ మాడ్యూల్స్ చేసేయొచ్చు, రగ్బీ రెడీ (సేఫ్టీ పాఠాలు), లాస్ (ఆట రూల్స్), కంకషన్ (తల దెబ్బ) ఇవన్నీ ఫ్రీ, అయ్యాక సర్టిఫికెట్ కూడా డౌన్‌లోడ్ అవుతుంది. ఇవి ముందు అవ్వకపోతే లెవెల్ 1 కోచింగ్ కోర్సులో కూర్చోనివ్వరు. లెవెల్ 1 గ్రౌండ్లో చేసే కోర్సు, ఎప్పుడు ఎక్కడ పెడతారో స్టేట్ అసోసియేషన్ ద్వారా రగ్బీ ఇండియాని (మన జాతీయ సమాఖ్య) అడుగుతూ ఉండాలి, ఊరికే కూర్చుంటే ఎవరూ ఫోన్ చేసి పిలవరు. లెవెల్ 2కి తొందరేం లేదు, కొంతకాలం పిల్లలతో చేసి అప్పుడెళ్తే చెప్పేది బుర్రకెక్కుతుంది.

ఇప్పుడు అసలు విషయం, టాకిల్, అంటే బంతితో పరిగెత్తేవాణ్ని పట్టి కింద పడేయడం. మన దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది కబడ్డీ నుంచే వస్తారు, అది మనకి లక్కీయే, కాళ్ల కదలిక ఉంటుంది, కిందకి వంగడానికి భయం ఉండదు, ఒంటి మీద పడితే ఏడవరు. కానీ రెండు అలవాట్లు మాన్పించాలి. ఒకటి, కబడ్డీలో రైడర్ని పట్టుకున్నాక వదిలితే పాయింట్ పోద్ది కదా, రగ్బీలో ఉల్టా, కింద పడేశాక వెంటనే వదిలేసి పక్కకి దొర్లిపోవాలి, లేకపోతే పెనాల్టీ. "పట్టుకున్నాను కదా సార్, ఎందుకు వదలాలి" అని మొహం చిన్నబుచ్చుకుంటారు, వాళ్ల బాధ నిజమే, ఓపిగ్గా చెప్పాలి. రెండోది తల. మడమ దగ్గర పట్టుకోడానికి డైవ్ చేసే అలవాటున్నోడు తలని పరిగెత్తేవాడి మోకాళ్ల ముందు పెట్టేస్తాడు, మోకాలొచ్చి కణత మీద తగిలితే అంతే సంగతులు. తల ఎప్పుడూ అవతలి వాడి వెనక వైపుండాలి, చెంప వాడి పిరుదుకి ఆనాలి, భుజం తగలాలి, చేతులు చుట్టుకోవాలి. మొదట ఇద్దర్నీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తర్వాత నడుస్తూ, తర్వాత జాగింగ్, చివరికే పరుగు. దీనికి ఆర్కే బీచ్ ఇసుక భలే పనికొస్తుంది, పొద్దున్నే ఎండ ముదరకముందు వెళ్లండి, పడినా దెబ్బ తగలదు, పిల్లలకి భయం పోతుంది. నీళ్లలోకి మాత్రం ఎవర్నీ దిగనివ్వకండి, ఆ అలలు మనకి తెలీనివా.

కొత్తోళ్లకి మొదటి వారాలు టాకిల్ అసలొద్దు, ట్యాగో (నడుముకున్న రిబ్బన్ లాగేది) టచ్చో (చేత్తో తాకేది) ఆడించండి, బంతి వెనక్కే పాస్ చెయ్యాలన్నది బుర్రకెక్కాలి ముందు.

తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా సరే వాణ్ని బయటికి తీసేయాలి, ఆ రోజు మళ్లీ లోపలికి పంపకూడదు, ఫైనలైనా సరే, వాడు మీ స్టార్ ప్లేయరైనా సరే. ప్లేయర్‌గా ఉన్నప్పుడు మనందరం "ఏం కాలేదు" అని లేచి ఆడేసిన వాళ్లమే, అందుకే కోచ్‌గా ఇది చెయ్యడం మనకే ఎక్కువ కష్టం. పేరెంట్స్ నంబర్లు రాసిపెట్టుకోండి, దగ్గర్లో రాత్రి కూడా ఉండే హాస్పిటల్ ఏదో ముందే చూసుకోండి.

గ్రౌండ్ సంగతి. హెచ్ ఆకారం రగ్బీ పోస్టులు ఉన్న గ్రౌండ్ దొరకడం కష్టం, ఫుట్‌బాల్ గోల్‌పోస్టులకి వెదురు బొంగులు కట్టేస్తే కన్వర్షన్ (స్కోర్ చేశాక పోస్టుల మధ్యకి కొట్టే ఎక్స్‌ట్రా కిక్) ప్రాక్టీస్ అయిపోద్ది, సెవెన్స్‌లో (ఏడుగురేసి ఆడే రగ్బీ) ఎలాగూ అది డ్రాప్ కిక్కే, బంతి వదిలి నేలని తాకి లేస్తుంటే తన్నేది. మన ఉక్కపోతలో గంటంబావుకి మించి సెషన్ పెట్టకండి. ఏడు నిమిషాల హాఫ్‌లు ఆడించి ఆపండి, ఆపినప్పుడల్లా పిల్లలే చెప్పాలి ఎక్కడ గ్యాప్ వదిలారో, మీరు చెప్పేస్తే వాళ్లు ఆలోచించరు. మాజీ ప్లేయర్లందరికీ ఉన్న జబ్బు ఇది, బంతి లాక్కుని "ఇలా చెయ్ రా" అని చూపించేయడం, మీ సైడ్ స్టెప్ చూసి చప్పట్లు కొడతారు గానీ ఏం నేర్చుకోరు.

డబ్బులంటారా, రగ్బీ కోచింగ్ ఒక్కదాని మీద ఇక్కడ ఇల్లు గడవడం ఇప్పట్లో కష్టం. 2025 జూన్‌లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైంది, ఆరు టీముల్లో హైదరాబాద్ హీరోస్ కూడా ఉంది, సంతోషమే, కానీ ఆ కోచ్ సీట్లు ఇంటర్నేషనల్ సెవెన్స్‌లో పేరున్నోళ్లకి పోయాయి, మన వంతు రావడానికి టైముంది. కాబట్టి డిగ్రీ ఉంటే బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసేయండి, రెండేళ్లే, స్కూల్లో పీఈ టీచర్ ఉద్యోగానికి పనికొస్తుంది, జీతం స్కూలిస్తుంది, సాయంత్రం రగ్బీ మీది.

వీలైతే రిఫరీ కోర్సు కూడా చేయండి. విజిల్ పట్టుకుని ఒక టోర్నమెంట్ నడిపితే రక్ (కిందున్న బంతి మీద రెండు జట్లూ తోసుకునే చోటు) దగ్గర ఎవడు ఏం తప్పు చేస్తున్నాడో ప్లేయర్‌గా ఎప్పుడూ కనబడనివన్నీ కనబడతాయి, పైగా మ్యాచ్‌కింత అని చేతిలో ఏదో ఒకటి పెడతారు, ఆటో చార్జీలకైనా వస్తాయి.