ఫ్లూ టీకాకు వెళ్లే ముందు పెద్దలు తీసుకోవలసిన జాగ్రత్తలు

టీకా వేసిన చేయి 1, 2 రోజులు నొప్పిగా, బరువుగా ఉండడం మామూలే కాబట్టి, తెల్లవారితే ఎనుమాముల మార్కెట్‌లో పత్తి బస్తాలు ఎత్తవలసినవారు ఆ పని ముగిశాక, కాస్త తీరిక దొరికిన రోజు చూసుకొని వెళ్లడం మేలు. ఎక్కువగా పనిచేసే చేతికి కాకుండా రెండో చేతికి వేయమని అడగవచ్చు.

గతంలో ఫ్లూ టీకా తరువాత ఒళ్లంతా దద్దుర్లు లేచి ఆయాసం వచ్చినా, 6 వారాల లోపు కాళ్లూచేతులూ చచ్చుబడే గిలియన్-బారే జబ్బు వచ్చినా, ఆ సంగతి సూది వేయకముందే డాక్టరుకు చెప్పి తీరాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. సూది వేసిన చోటును రుద్దడం మనవాళ్ల అలవాటే గాని, వీరు మాత్రం రుద్దకుండా కనీసం 2 నిమిషాలు గట్టిగా అదిమిపట్టాలి. తీవ్రమైన జ్వరం ఉంటే తగ్గాకే వెళ్లాలి, మామూలు జలుబుకు వాయిదా అక్కరలేదు.

ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. టీకా తరువాత 15 నిమిషాలు అక్కడే కూర్చోవాలి. సూదికి కళ్లు తిరిగే స్వభావం ఉన్నవారు వెంటనే బండి తీసి హన్మకొండ చౌరస్తా రద్దీలోకి దిగడం ప్రమాదకరం.

సూదితో వేసే టీకాలో బతికున్న వైరస్ ఉండదు గనుక దానివల్ల ఫ్లూ రాదు. స్వల్ప జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే, డాక్టరు వద్దనని పక్షంలో పారాసిటమాల్ సరిపోతుంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.