ఉప్పునీటి అక్వేరియంలోకి కొత్త నత్తలు, రొయ్యలు, పాలిప్‌లు: క్వారంటైన్‌లో వచ్చే సమస్యలు, పరిష్కారాలు

కొత్త చేపను కొన్ని వారాలపాటు వేరుగా ఉంచి గమనించాలన్న సంగతి ఉప్పునీటి అక్వేరియం పెంచేవారిలో చాలామందికి తెలుసు. నత్త, రొయ్య, హెర్మిట్ పీత, స్టార్‌ఫిష్ వంటి అకశేరుకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే మనిషి, వీటికి చేపల జబ్బులు సోకవు గదా అని తెచ్చిన రోజే ప్రధాన ట్యాంకులో వదిలేస్తాడు. జబ్బు సోకకపోవడం వేరు, జబ్బును మోసుకురాకపోవడం వేరు. పైగా అకశేరుకాల క్వారంటైన్‌లో మందుల పాత్ర చాలా తక్కువ. చేప లేని ట్యాంకు, తగినంత గడువు, ఓపికతో చేసే పరిశీలన, ఇవే అసలు సాధనాలు. ఆ ట్యాంకులో జీవి చనిపోతే అందుకు కారణం జబ్బు కంటే నీరే అయ్యే అవకాశం ఎక్కువ కనుక, ఏ లక్షణం కనిపించినా ముందు నీటిని పరీక్షించి ఆ తర్వాతే మిగతా కారణాలు వెతకాలి.

కొత్త చేప ఏదీ తేలేదు, అయినా పాత చేపలకు తెల్ల మచ్చలు వచ్చాయి

నత్తలనో పీతలనో వదిలిన రెండు మూడు వారాలకు చేపల రెక్కల మీద ఉప్పు రేణువులంత మచ్చలు కనిపించి, చేపలు రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటూ ఉంటే మెరైన్ ఇచ్ అనే చేపల జబ్బును అనుమానించాలి. దీనికి మూలమైన క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి చేప చర్మంలో కొద్దిరోజులు తిని బలిసి, ఆ తర్వాత చేపను వదిలేసి, దొరికిన గట్టి ఉపరితలానికి అంటుకుని తన చుట్టూ తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో అది పదేపదే విభజన చెంది, ఈదగల పిల్లజీవులుగా గుంపుగా బయటపడుతుంది. నత్త గుల్ల, హెర్మిట్ పీత మోసే చిప్ప, పాలిప్‌లను (పువ్వుల్లా విచ్చుకునే, పగడాల జాతి చిన్న జీవులను) అంటించిన ప్లగ్ అనే చిన్న దిమ్మ, చిన్న రాతిముక్క, ఇవన్నీ తిత్తికి పనికివచ్చే ఉపరితలాలే. దుకాణంలో నత్తల ట్యాంకుకూ చేపల ట్యాంకుకూ ఒకే నీరు తిరుగుతుంటే, కంటికి ఆనని ఆ తిత్తులు నత్తతో పాటే మన ఇంటికి వస్తాయి. ఇచ్ కంటే వేగంగా చేపలను చంపే వెల్వెట్ వ్యాధికి కారణమైన అమిలూడినియం కూడా ఇదే దారిన వస్తుంది.

పిల్లజీవికి ఒకటి రెండు రోజుల్లో చేప దొరకకపోతే అది బతకదు. కాబట్టి చేప లేని ట్యాంకులో తిత్తులన్నీ పగిలేదాకా ఆగడమే చికిత్స. కొన్ని తిత్తులు 72 రోజులకు కూడా పగిలినట్టు పరిశోధకులు నమోదు చేసినందువల్ల 76 రోజుల గడువు అక్వేరియం పెంచేవారిలో స్థిరపడింది. నీటిని 27 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకుండా ఉంచి 45 రోజులతో సరిపెట్టేవారూ ఉన్నారు. వెచ్చదనంలో ఈ జీవచక్రం వేగంగా సాగే మాట నిజమే గాని, హీటర్ మీద అంత భరోసా పెట్టలేనివారు, టాంగ్‌లు, ఏంజెల్‌ఫిష్‌లు వంటి ఖరీదైన చేపలు ఉన్నవారు 76 రోజులూ ఆగడమే మంచిదని నా అభిప్రాయం. మధ్యలో మరొక నత్తను చేర్చినా, చేపల ట్యాంకులో ముంచిన వలను కడిగి ఆరబెట్టకుండా ఇందులో ముంచినా రోజుల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

జబ్బు అప్పటికే ప్రధాన ట్యాంకులోకి వచ్చేసి ఉంటే చేపలన్నిటినీ వేరే ట్యాంకుకు మార్చి అక్కడ చికిత్స చేయాలి. అకశేరుకాలను మాత్రం ప్రధాన ట్యాంకులోనే ఉంచి, దానిని అదే గడువు వరకు చేపలు లేకుండా నడపాలి. అకశేరుకాలు ఉన్న నీటిలో కాపర్ (రాగి) మందు ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. చేపలు తట్టుకునే మోతాదు కూడా రొయ్యలకూ నత్తలకూ ప్రాణాంతకం.

తెచ్చిన ఒకటి రెండు రోజులకే చనిపోతున్నాయి. స్టార్‌ఫిష్ చేతులు కరిగిపోతున్నాయి

దుకాణాల్లో చాలాచోట్ల ఖర్చు తగ్గుతుందనీ, పరాన్నజీవుల తాకిడి కొంత తగ్గుతుందనీ నీటి ఉప్పుదనాన్ని తెలిపే సాంద్రతను 1.020 దగ్గర ఉంచుతారు. ఇంట్లో రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ట్యాంకు) 1.025, 1.026 మధ్య ఉంటుంది. చేప ఈ తేడాను కొంతవరకు తట్టుకుంటుంది. ఒంట్లోని ద్రవాల ఉప్పుదనాన్ని చుట్టూ ఉన్న నీటికి భిన్నంగా నిలుపుకోలేని స్టార్‌ఫిష్, సముద్రపు అర్చిన్ వంటివి తట్టుకోలేవు. దెబ్బ వెంటనే బయటపడదు. మొదట స్టార్‌ఫిష్ చేతి కొన మెత్తబడి తెల్లగా మారుతుంది, మర్నాటికి అక్కడి చర్మం పొరలుగా ఊడుతుంది, ఆపై చేయి మొత్తం జారిపోతుంది. అర్చిన్ అయితే ముళ్లు రాలుస్తుంది. ఈ దశకు వచ్చాక చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

గంటల తరబడి డ్రిప్ పెట్టడం, అంటే ట్యాంకు నీటిని సంచి నీటిలోకి చుక్కలు చుక్కలుగా వదలడం, దీనికి సరైన మందు అనుకుంటారు గాని, దూరం నుంచి వచ్చిన సంచి విషయంలో అది కొత్త ప్రమాదం తెస్తుంది. మూసి ఉన్న సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ తగ్గుతుంది కాబట్టి, అందులోని అమ్మోనియా ఎక్కువ భాగం అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం తిరిగి విషపు రూపానికి మారుతుంది. జీవిని గంటల కొద్దీ ఆ నీటిలోనే ఉంచితే అది ఆ విషంలోనే నానుతుంది.

అందుచేత దుకాణదారుణ్ణి ముందే సాంద్రత అడిగి తెలుసుకుని క్వారంటైన్ ట్యాంకును దానికి సమానంగా సిద్ధం చేయాలి. సంచి రాగానే ఆ నీటిని మనమూ కొలిచి చూసుకుని, సంచిని తేలనిచ్చి ఉష్ణోగ్రత కలిశాక జీవిని మాత్రమే మార్చాలి. ఆపైన రోజుకు 0.001 చొప్పున సాంద్రతను పెంచుకుంటూ పోవాలి. దగ్గరి దుకాణం నుంచి అరగంటలో తెచ్చినవాటికి సన్నని డ్రిప్ చాలు. ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను ఆర్‌ఓ నీటితో సున్నా దగ్గర సరిచూస్తే సరిపోదు, 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) కాలిబ్రేషన్ ద్రవంతో సరిచూడాలి.

నత్తలు కదలడం లేదు, వెల్లకిలా పడి ఉంటున్నాయి

ఇక్కడ కారణాలు నాలుగు, వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా కొట్టివేస్తూ రావాలి. ఆస్ట్రేయా (Astraea) జాతి నత్త పడితే తనంతట తాను తిరగలేదు. దానిని చేత్తో తిప్పి గాజుకు అంటించి, సాయంత్రానికి కదిలితే అంతటితో సమస్య లేనట్టే. ట్రోకస్ జాతి నత్త తిరగగలదు కనుక అది పడే ఉంటే మాత్రం ఆందోళన పడాలి. నత్తను పైకి తీసి వాసన చూస్తే సంగతి తేలుతుంది. చచ్చిన నత్త కుళ్లు కంపు దాచలేనంతగా ఉంటుంది. నలభై లీటర్ల ట్యాంకులో అలాంటిది ఒక్కటి రాత్రంతా ఉండిపోతే తెల్లవారేసరికి అమ్మోనియా మిగతావాటినీ బలి తీసుకుంటుంది.

వాసన లేకపోతే అమ్మోనియా పరీక్ష చేయాలి. సున్నా కాకుండా ఏమి వచ్చినా సగం నీరు మార్చి, ప్రధాన ట్యాంకు సంప్‌లో (నీటిని వడకట్టే కింది తొట్టిలో) కనీసం నెల రోజులుగా నానుతున్న స్పాంజ్ ఫిల్టర్‌ను పెట్టాలి. నత్తను కొన్న రోజున కొత్త స్పాంజ్ కొని పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియా అందులో ఇంకా ఉండదు. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న, ఈ ట్యాంకులో ఎప్పుడైనా చేపలకు కాపర్ వాడారా అన్నది. సిలికాన్ అతుకులు, రాళ్లు పీల్చుకున్న రాగి నెమ్మదిగా నీటిలోకి వస్తూనే ఉంటుంది కాబట్టి, అలాంటి ట్యాంకును అకశేరుకాలకు కేటాయించకపోవడమే క్షేమం.

నాలుగవది ఆకలి. చాలామంది దీన్ని మరిచిపోతారు. 76 రోజులపాటు నాచు లేని గాజు తొట్టిలో నత్త బతకదు. గాజును తుడవకుండా వదిలి, రోజూ కొన్ని గంటలు లైటు వేసి నాచు పెరగనివ్వాలి. ఉప్పు కలపని నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు) ముక్కను రాయికి రబ్బరు బ్యాండుతో కట్టి పెట్టి, మర్నాడు మిగిలినది తీసేయాలి.

నత్త కులాసాగానే ఉన్నా వారానికోసారి రాత్రివేళ టార్చి పట్టి గుల్ల అంచును చూడాలి. బియ్యపు గింజంత తెల్లని చిన్న నత్తలు అక్కడ వరుసగా కనిపిస్తే అవి పిరమిడెల్లిడ్‌లు. పెద్ద నత్తల రసాన్ని పీల్చి బతుకుతాయి. పాత టూత్‌బ్రష్‌తో గుల్లనంతా, జిగురు ముద్దల్లా ఉండే వాటి గుడ్లతో సహా రుద్ది కడిగి, వరుసగా కొన్ని వారాలు ఏమీ కనిపించనప్పుడే పోయాయని నమ్మాలి.

రొయ్య చచ్చినట్టు కనిపిస్తోంది

ట్యాంకు అడుగున కళ్లు, మీసాలతో సహా పారదర్శకంగా పడి ఉన్నది చాలాసార్లు కుబుసమే. అసలు రొయ్య రాయి కింద దాక్కుని ఉంటుంది, దాన్ని కదిలించకూడదు. సగం కుబుసంలో ఇరుక్కుని చనిపోతే సాలినిటీ (నీటి ఉప్పుదనం) ఒక్కసారిగా మారిందేమో, ఆల్కలినిటీ (నీటి క్షారత) పడిపోయిందేమో చూడాలి.

రొయ్యలు, పీతలు తిండి మాని మందకొడిగా మారి ఒకదాని వెనుక ఒకటి పోతుంటే, వాటికి వేసిన మేత ఏమిటో గుర్తు చేసుకోవాలి. బజారులో కొన్న పచ్చి రొయ్య ముక్కలను మేతగా వేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఆంధ్ర తీరపు రొయ్యల రైతులను నష్టపరిచిన వైట్ స్పాట్ వైరస్ ఆ ముక్కల్లో ఉండవచ్చు, ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అది చావదు. (చేపల తెల్ల మచ్చలకూ దీనికీ సంబంధం లేదు.) విదేశాల నుంచి వచ్చే వనామీ తల్లి రొయ్యలను చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు పంపడం కూడా ఇలాంటి వైరస్‌ల భయంతోనే. సోకాక చికిత్స లేదు. మేత రొయ్యను బాగా ఉడికించి వేయడం, లేదా ఆ మేతను పూర్తిగా మానడం, ఇదే నివారణ.

జోయాంథిడ్ పాలిప్‌లు విచ్చుకోవడం లేదు

తెచ్చిన రెండు మూడు రోజులు ముడుచుకుని ఉండడం సహజం. వారం దాటినా తెరవకపోతే, కాడల మధ్య భూతద్దంతో వెతకాలి. పాలిప్‌లను తినే న్యూడిబ్రాంక్ (గుల్ల లేని సముద్రపు నత్త) వాటి రంగునే తెచ్చుకుంటుంది కనుక ముడుచుకున్న పాలిప్‌లా కనబడి మోసం చేస్తుంది. గుల్ల మీద నలుపు తెలుపు గళ్ల వలయం ఉన్న సన్‌డయల్ నత్త కూడా పాలిప్‌లను తింటుంది, అది పగలు ప్లగ్ కింద దాగుతుంది. పాలిప్‌ల పక్కన గోధుమరంగు గాజుపువ్వులా నిలిచినది ఐప్టేసియా అనే కలుపు జీవి కావచ్చు. దానిని తుంచితే మిగిలిన ముక్కల నుంచి మళ్లీ పుడుతుంది, అందుచేత ప్లగ్‌ను మార్చేయడమే మేలు.

అయోడిన్ డిప్‌ను (పాలిప్‌లను కాసేపు ముంచే మందు నీటిని) సీసా మీద రాసిన మోతాదులోనే వాడి, ఆ నీటిలోనే పాలిప్‌లను పిపెట్‌తో బలంగా ఊది, రాలిన పురుగులను పారబోయాలి. డిప్ గుడ్లను చంపదు. చుట్టలుగా ఉన్న గుడ్లను పట్టకారుతో గీకి తీసి, వారానికోసారి చొప్పున కనీసం నాలుగు సార్లు డిప్ చేయాలి. ఇది పాలిప్‌లకు మాత్రమే, రొయ్యలకూ నత్తలకూ కాదు. భారతదేశంలో ఉన్నవారు ఇంకొక సంగతి గమనించాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రీఫ్ కట్టే గట్టి పగడాలు, సీ ఫ్యాన్‌లు, సముద్ర దోసకాయలు రక్షిత జీవులు. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని వాటిని కొనకూడదు.

ఏమీ మార్చకపోయినా సాలినిటీ పెరుగుతోంది

చిన్న ట్యాంకు, ఎండాకాలం, పైన ఫ్యాను, ఇవి కలిస్తే నీరు త్వరగా ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. గాజు మీద నీటిమట్టం దగ్గర గీత పెట్టి, తగ్గినంత మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీరు ఉదయం, సాయంత్రం పోయాలి. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే ఏర్ పంపును పక్కనే సిద్ధంగా ఉంచుకోవాలి. గడువు పూర్తయ్యాక జీవులను మాత్రమే ప్రధాన ట్యాంకులోకి మార్చి, క్వారంటైన్ నీటిని బయట పారబోయాలి.