లైబ్రరీ ఆన్‌లైన్‌లో – 3వ పాఠం: ఇంటి నుంచి రీడింగ్స్ తెరవడం

గత పాఠంలో కేటలాగ్‌లో పుస్తకం వెతకడం చూశాం. ఈసారి సిలబస్ చివర సార్ చదవమని ఇచ్చే వ్యాసాలు, పుస్తక భాగాల (రీడింగ్స్) సంగతి. హన్మకొండ క్యాంపస్ వైఫై మీద టక్కున తెరుచుకున్న పేపరే (పరిశోధన వ్యాసం), పరకాలలోనో ములుగులోనో ఇంట్లో కూర్చుని తెరిస్తే డాలర్లలో డబ్బు అడుగుతుంది. దయచేసి కట్టకండి. మీ యూనివర్సిటీకి ఆ పత్రిక ఇప్పటికే వస్తుండొచ్చు. మీరు అక్కడి విద్యార్థి అన్న సంగతే ఆ వెబ్‌సైట్‌కు తెలియలేదు.

క్యాంపస్‌లో ఉన్నప్పుడు ఐపీ అడ్రస్‌ను, అంటే నెట్ కనెక్షన్‌కు ఉండే నంబర్‌ను, చూసి ఆ వెబ్‌సైట్ గుర్తుపడుతుంది. మీ ఫోన్ డేటాకు ఉండే అడ్రస్ వేరు. అందుకని ఇంటి నుంచి మనమే చెప్పుకోవాలి. పేపర్ పేజీలో సంస్థ ద్వారా లాగిన్ అయ్యే లింకు ఉంటుంది, దాన్ని నొక్కండి. సంస్థ పేరు అడిగితే కేయూ అని పొట్టిగా కొట్టకండి, కాకతీయ యూనివర్సిటీ అని ఇంగ్లిష్‌లో పూర్తిగా టైప్ చేయండి. కొన్ని సైట్లు ముందు ఫెడరేషన్‌ను, అంటే విద్యాసంస్థల లాగిన్‌లను కలిపే ఉమ్మడి వ్యవస్థను, ఎంచుకోమంటాయి. మన దేశానిది ఇన్‌ఫెడ్, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దాన్ని నడుపుతుంది.

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. అదే పేజీలో పైన మామూలు సైన్ ఇన్ కూడా ఉంటుంది. అది పబ్లిషర్ సొంత ఖాతా. అందులో జీమెయిల్‌తో చేరితే పేపర్ రాదు. లైబ్రరీ ఇచ్చిన ఐడీ, పాస్‌వర్డే పనికొస్తాయి. అవి లేకపోతే గుర్తింపు కార్డు పట్టుకుని లైబ్రరీ కౌంటర్‌లో అడగండి. మీ సంస్థలో ఇంటి నుంచి చదివే సదుపాయం ఏ పద్ధతిలో ఉందో వాళ్లే చెబుతారు.

ఇప్పుడు రిఫరెన్స్ చదవడం. పత్రిక పేరు పక్కన 46(12), 33–40 అని ఉందనుకోండి. 46 సంపుటం, బ్రాకెట్‌లోని 12 సంచిక, మిగతావి పేజీలు. చివర 10.తో మొదలయ్యే పొడుగాటి నంబర్ ఉంటే అది డీఓఐ, ఆ పేపర్‌కు శాశ్వత చిరునామా. పేరుతో వెతికే కన్నా దాన్ని కాపీ చేసి వెతకడం మేలు. ఒక్క జాగ్రత్త: వాక్యం చివరి ఫుల్‌స్టాప్ కూడా కాపీలోకి వచ్చేస్తే పేజీ దొరకదు. ముందు దాన్ని చెరిపేయండి.

పత్రికలో వ్యాసం కాకుండా పుస్తకంలో ఒక అధ్యాయం చదవమంటే దారి వేరు. కొన్ని లైబ్రరీలు అలాంటివి కోర్స్ రిజర్వ్స్ అనే విభాగంలో పెడతాయి. చాలా లైబ్రరీలు వాడే కోహా సాఫ్ట్‌వేర్‌లో ఈ ఏర్పాటు ఉంది. అందులో కోర్సు పేరుతోనో, పాఠం చెప్పే మేడం పేరుతోనో వెతకాలి.

2025 జనవరి 1న మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు 30 మంది పబ్లిషర్ల పత్రికలు, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. మన జిల్లాల పిల్లలకు ఇది చిన్న విషయం కాదు, వాడుకోకపోతేనే నష్టం. ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో చదువుతుంటే, కాలేజీలకు ఆన్‌లైన్ పత్రికలు, పుస్తకాలు అందించే ఎన్-లిస్ట్‌లో మీ కాలేజీకి సభ్యత్వం ఉందా అని లైబ్రేరియన్‌ను అడగండి.

ఒకేసారి వందల పేపర్లు దించుకోకండి. అనుమానం వస్తే పబ్లిషర్ మొత్తం క్యాంపస్‌కే ఆపేస్తాడు, అందరూ ఇబ్బంది పడతారు.

వచ్చే పాఠానికి ముందు మీ సిలబస్‌లోంచి ఒక వ్యాసం, ఒక పుస్తక అధ్యాయం ఎంచుకుని ఫోన్ డేటా మీద తెరవండి. రాకపోతే లైబ్రేరియన్‌కు మెయిల్ పెట్టండి: రిఫరెన్స్ మొత్తం, మీ కోర్సు, ఏ పేజీ దగ్గర ఆగిపోయిందో దాని స్క్రీన్‌షాట్.