కొత్త పెట్టలు గూటికి, గుడ్ల పెట్టెకు అలవాటు పడాలంటే

సంతలో కొన్న పెట్టల్ని ఒక రాత్రి గంప కింద మూసి, తెల్లారగానే దొడ్లోకి వదిలితే సాయంత్రానికి అవి మీ గూటికి రావు. చింతచెట్టు ఎక్కుతాయి, లేదంటే పక్కవాళ్ల గడ్డివాములో దూరతాయి. గుడ్డూ అక్కడే పెడతాయి. వరసగా కొన్ని రాత్రులు పడుకున్న చోటే కోడికి ఇల్లు. మొదటి గుడ్లు పెట్టిన చోటే తర్వాతి గుడ్లకూ చోటు. ఈ రెండు అలవాట్లూ మొదట్లోనే పడతాయి, పడ్డాక మార్చడం చాలా కష్టం. కాబట్టి కోళ్లను తెచ్చేలోపే గూడు సిద్ధం కావాలి.

ఇంట్లో పాత కోళ్లు ఉంటే కొత్తవాటిని మూడు నాలుగు వారాలు దూరంగా, వేరే గదిలోనో కొట్టంలోనో ఉంచండి. సంతలో నాలుగు ఊళ్ల కోళ్లు ఒకేచోట కలుస్తాయి, కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే అంటురోగం) అక్కడినుంచే మందలోకి వస్తుంది. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిప్పుకోవడం కనిపిస్తే వెంటనే పశువైద్యుడికి చూపించండి. రోజూ ముందు పాత కోళ్లకు మేత, నీళ్లు పెట్టి, తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. గిన్నెలు, చెప్పులు వేరుగా ఉండాలి. రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి పేలున్నాయేమో చూడటానికి కూడా ఇదే సమయం. టీకాలు వేశారో లేదో అమ్మినవాళ్లు చెప్పలేకపోతే పశువైద్యశాలలో అడిగి, ఆరోగ్యంగా ఉన్నవాటికే వేయించండి.

గూటిలో కిందపరుపు మూడు నాలుగు అంగుళాల మందం ఉండాలి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చెనక్కాయ పొట్టు చవగ్గా దొరుకుతుంది, వరి ఊకతో కలిపి వాడొచ్చు. అయితే వానకు తడిసిన పొట్టు మాత్రం వద్దు. దానికి బూజు పడుతుంది, ఆ బూజు కోడి ఊపిరితిత్తులకు చేటు. గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిసికి వదలండి. పొడిపొడిగా రాలితే మంచిది. ముద్దకట్టి అలాగే ఉంటే తడి ఎక్కువైనట్టు. కార్తీకమాసపు ముసురులో ఈ పరీక్ష రెండు రోజులకోసారి చేయాలి.

పడుకోవడానికి రెండంగుళాల మందం సర్వి (సరుగుడు) కట్టె, అంచులు నున్నగా చెక్కి, నేలకు రెండున్నర అడుగుల ఎత్తున కట్టండి. ఒక్కో కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాల చోటు కావాలి. గుడ్ల పెట్టె తప్పనిసరిగా ఈ కట్టె కంటే కిందే, ఒకటి ఒకటిన్నర అడుగు ఎత్తులో ఉండాలి. కోడి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తైన చోట పడుకుంటుంది. పెట్టె పైనుంటే అందులోనే నిద్రపోయి రాత్రంతా రెట్ట వేస్తుంది.

పెట్టె కోసం వడ్రంగి దగ్గరికి పోనక్కర్లేదు. పలమనేరు, వి.కోట వైపు ఎక్కడ చూసినా కనిపించే ప్లాస్టిక్ టమాటా క్రేటు చాలు. దాన్ని పక్కకు పడేసి, నోరు ముందుకు వచ్చేలా పెట్టండి. సందుల్లోంచి వెలుతురు పడకుండా బయటివైపు గోనెసంచి చుట్టండి. ముందు నాలుగు అంగుళాల పలక అడ్డం కట్టకపోతే గడ్డి, దాంతోపాటు గుడ్డూ బయటికి దొర్లిపోతాయి. లోపల మూడు అంగుళాల మందాన ఎండు వరిగడ్డి పరిచి, చేత్తో నొక్కి మధ్యలో గుంత చేయండి. నాలుగైదు పెట్టలకు ఒక క్రేటు లెక్క. రెండు మూడు ఉన్నా అన్నీ ఒకదానికే పోటీ పడతాయి. అది మామూలే. గుమ్మానికి ఎదురుగా మాత్రం పెట్టొద్దు, పెట్టకు చీకటి, చాటు కావాలి. గూట్లో ఏదో ఒక మూల మీ పెట్టె కంటే చీకటిగా ఉంటే గుడ్డు ఆ మూలకే పోతుంది. అలాంటి మూలల్లో ఇటుకలు పేర్చేయండి.

కొత్తవాటిని చీకటి పడ్డాక తెచ్చి కట్టె మీద కూర్చోబెట్టండి. వారం, పది రోజులు బయటికి వదలొద్దు. తిరుపతి, శ్రీకాళహస్తి ఎండలకు మే నెలలో మూసిన గూడు పొయ్యిలా కాగుతుంది కాబట్టి ఒక గోడంతా జాలీ ఉండాలి, నీళ్లు రోజుకు రెండు మూడుసార్లు మార్చాలి. పాత మంద ఉంటే మధ్యలో జాలీ కట్టి, ఒకదాన్నొకటి చూసుకునేలా వారం ఉంచాక కలపండి. ఒంటరి కోడిని ఎప్పుడూ కలపొద్దు, మందంతా దాని మీదే పడుతుంది. మేత, నీళ్ల గిన్నెలు రెండేసి చోట్ల పెడితే బలహీనమైనవి ఆకలితో ఉండవు. కొన్నాళ్లు పొడుచుకోవడం సహజం. రక్తం వస్తే మాత్రం ఆ కోడిని వెంటనే పక్కకు తీసి, పసుపు, వేపనూనె రాసి, పుండు మానాకే వదలండి. ఎర్రగా కనిపించిన చోటే మిగతావి మళ్లీ పొడుస్తాయి.

చోటు మారిన పెట్ట రెండు మూడు వారాలు గుడ్డు ఆపేయొచ్చు, కంగారు వద్దు. లేత పెట్ట అయితే తలమీది తురాయి ఎర్రబడి, మూలమూలలా తొంగిచూస్తూ, వీపు మీద చెయ్యి వేస్తే రెక్కలు కాస్త విప్పి కూలబడుతుంటే గుడ్డు దగ్గర పడినట్టే. అప్పటికి పెట్టెలో ఉత్తుత్తి గుడ్డు ఉండాలి. గుడ్డు కొసన చిల్లు చేసి సొన తీసేసి, కడిగి, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కలిపి పోసి, గట్టిపడ్డాక పెంకు వలిస్తే సరి. అసలు గుడ్డునే వదిలితే ఎండకు మురుగుతుంది, పగిలితే కోళ్లు గుడ్లు తినడం మరుగుతాయి. పెంకు పలచబడినా అదే జరుగుతుంది, అందుకే గుడ్డు మొదలయ్యాక లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత)తోపాటు షెల్ గ్రిట్ (గుల్లల నూక) వేరే గిన్నెలో పెట్టండి. గుడ్డు పెట్టని పిల్లలకు లేయర్ దాణా వేయొద్దు. అందులోని ఎక్కువ కాల్షియం మూత్రపిండాలను చెడగొడుతుంది.

పెట్టలు ఎక్కువగా పొద్దునపూటే గుడ్డు పెడతాయి. బయటికి వదిలే రోజులొచ్చాక కూడా మొదటి రెండు మూడు వారాలు పదకొండు దాటాకే తలుపు తీయండి. ఈ ఒక్క పని చేస్తే సగం గుడ్లు దొడ్లో పోకుండా ఆగుతాయి. సాయంత్రం పెట్టెలో ముడుచుకున్నవాటిని చీకట్లో తీసి కట్టె మీద పెట్టి, పెట్టె నోటికి అట్ట అడ్డం పెట్టండి. తెల్లారకముందే ఆ అట్ట తీయడం మరిచిపోవద్దు.

ఇంత చేసినా ఒక పెట్ట నేలమీదే పెడుతుంటే ముందు పెట్టెలో రాత్రిపూట రక్తం పీల్చే పురుగులు ఉన్నాయేమో సందుల్లో టార్చి వేసి చూడండి. ఉంటే గడ్డి, గోనె కాల్చేసి, క్రేటు కడిగి ఎండబెట్టాలి. లేకపోతే ఆ పెట్ట నేల గీకుతూ కూర్చోబోయే సమయానికి మెల్లగా ఎత్తి పెట్టెలో దించండి. కింద పెట్టిన గుడ్డును అక్కడ ఒక్క గంట కూడా ఉంచొద్దు. దాన్ని చూసి పక్క పెట్ట కూడా అక్కడే కూర్చుంటుంది.