కొత్త పార్టీకి అప్పు మీద ఫ్లెక్సీ కొట్టేముందు

మా మేనల్లుడు రావులపాలెంలో ఫ్లెక్సీ షాపు పెడుతున్నాడు. మిషను దిగింది, డిజైన్ చేసే కుర్రాడు దొరికాడు. నన్ను అడిగింది ఒక్కటే: "మావయ్యా, పెద్ద పార్టీలవాళ్ళ సంగతి సరే, ఈ చిన్న పార్టీలు వస్తే అప్పు ఇవ్వొచ్చా?" నేను 2008 నుంచి పాలకొల్లులో ఇదే పనిలో ఉన్నాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. టెంట్ హౌస్, మైకు సెట్టు వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు ఆ పార్టీ ఏం అడుగుతోందో చూడండి. అడిగేదానికి గడువు ఉందా, దాటిపోయిందా? 2014 మార్చి 12న రాజమండ్రి సభలో మాజీ ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి గారు జై సమైక్యాంధ్ర పార్టీ మొదలుపెట్టారు. రాష్ట్రాన్ని విడగొడుతున్నారని అప్పట్లో ఇక్కడ జనంలో ఉన్న కోపం ఉత్తిది కాదు. బందులని షట్టరు దించుకుని కూర్చున్న రోజులు నాకే లెక్కలేవు. కానీ విభజన బిల్లు అప్పటికే, ఫిబ్రవరిలోనే, లోక్‌సభా రాజ్యసభా రెండూ దాటేసింది. పోలింగ్ మే 7న. మధ్యలో రెండు నెలలు కూడా లేవు. గుర్తేమో చెప్పుల జత. గుడి సందులో ఆ బొమ్మ కట్టమంటే మా కుర్రాడే "ఏవండీ, ఇక్కడా?" అని నసిగాడు. అధ్యక్షుడు స్వయంగా పోటీ చెయ్యలేదు, పార్టీకి ఒక్క సీటూ రాలేదు. 2018లో ఆయన మళ్ళీ కాంగ్రెస్‌లో చేరారు, 2023లో బీజేపీకి వెళ్ళారు. కోతలయ్యాక కాలవకి నీళ్ళు వదిలినట్టు అయింది ఆ పార్టీ పని.

రెండోది, జనాన్ని చూసి అప్పివ్వకండి. ఇది మా ఊరి పాఠం. ప్రజారాజ్యం 2008 ఆగస్టులో పుట్టింది. 2009లో చిరంజీవి గారు తిరుపతితో పాటు మా పాలకొల్లులోనూ నిలబడ్డారు. ఆయనది మొగల్తూరు, మాకు పరాయివాడు కాదు. రోడ్‌షో నాడు నా షాపు ముందు నుంచి స్కూటరు బయటికి తియ్యడానికి సాయంత్రం దాకా పట్టింది. తీరా లెక్కపెడితే తిరుపతిలో గెలిచి ఇక్కడ ఓడారు. 294 సీట్లలో పార్టీకి 18. 2011లో కాంగ్రెస్‌లో కలిపేశారు. హీరోని చూడ్డానికి వచ్చినవాడూ, స్లిప్పు పట్టుకుని బూత్‌కి వచ్చేవాడూ ఒకడే అవ్వక్కర్లేదు. అందుకని నేను ఆర్డరుకి వచ్చినాయన్ని టీ తాగించి ఒక ప్రశ్న అడుగుతా: "మీ వార్డులో బూత్ ఏజెంట్లు ఎవరండీ?" టకటకా పేర్లు చెప్తే సగం అప్పు. "అవన్నీ పైవాళ్ళు చూసుకుంటారండీ" అన్నాడా, మొత్తం నగదు.

గుర్తు దగ్గర మాత్రం ఎవరి మాటా నమ్మకండి. ఎన్నికల సంఘంలో రిజిస్టరు అయినంత మాత్రాన పార్టీకి సొంత గుర్తు ఉండదు, గుర్తింపు రావాలి. గుర్తింపు లేని పార్టీ కామన్ సింబల్‌కి, అంటే తన అభ్యర్థులందరికీ ఒకటే గుర్తుకి, దరఖాస్తు పెట్టుకోవాలి. అది రాకపోతే ఒక్కో నియోజకవర్గంలో అభ్యర్థికి ఒక్కో ఫ్రీ సింబల్, అంటే ఏ పార్టీకీ సొంతం కాని గుర్తు. నామినేషన్ల ఉపసంహరణ అయ్యాకే రిటర్నింగ్ ఆఫీసర్ అది ఖాయం చేస్తారు. ఆ తర్వాత పోలింగ్‌కి రెండు వారాలు అటూ ఇటూ.

ఒకసారి ఒక చిన్న పార్టీ అభ్యర్థి "బ్యాటు ఖాయం, నాదీ పూచీ" అన్నాడు. 40 బోర్డులు కొట్టేశాను. ఉపసంహరణ నాటి సాయంత్రం ఫోను: కుట్టు మిషను వచ్చిందట. రాత్రంతా నేనూ ఇద్దరు కుర్రాళ్ళూ అడుగున్నర ముక్కలు కొట్టి బ్యాట్ల మీద అంటించాం. తెల్లారేసరికి మంచుకి గమ్ము ఊడి, కుట్టు మిషను వెనకనుంచి బ్యాటు తొంగిచూస్తోంది. ఓటమి మర్నాటి నుంచి ఆయన ఫోను స్విచ్చాఫ్. అప్పట్నుంచి ఉపసంహరణ అయ్యేదాకా కుడివైపు కింద మూల తెల్లగా వదిలేసే డిజైన్ చేస్తున్నా.

కాగితాల సంగతి. ఎన్నికల పోస్టరు మీద ప్రింటరు పేరు, అడ్రసు, వేయించినవాడి పేరు, అడ్రసు ఉండాలి. వేయించేవాడు డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి, అతన్ని ఎరిగిన ఇద్దరు సాక్షి సంతకాలు చెయ్యాలి. ఇది ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ. తప్పితే 6 నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. చాలామంది దీన్ని బెడద అనుకుంటారు. నాకైతే ఇదే ప్రామిసరీ నోటు. మండల కన్వీనర్ ఆర్డరిస్తాడు, అభ్యర్థి నాకు తెలీదంటాడు, పార్టీ ఆఫీసు హైదరాబాదులో. ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉంటే వాడే నా బాకీదారు.

ఇక పార్టీ పలచబడుతున్న సంగతి పేపర్లకన్నా ముందు ఫ్లెక్సీ షాపుకి తెలుస్తుంది. మొదట్లో నాయకుడి బొమ్మ నిలువెత్తు, కింద ఊరివాళ్ళు స్టాంపు సైజు. కొన్నాళ్ళకి స్టాంపుల దగ్గర తగువు మొదలవుతుంది, ఎవరు ముందు, ఎవరు పక్కన అని. అది ఆరోగ్యమే, కంగారు పడకండి. ఆ తర్వాత ఒకరోజు కన్వీనర్ నా మానిటరు వెనక నిలబడి, గొంతు తగ్గించి, "గురువుగారూ, పెద్దాయన ఫొటో కొంచెం చిన్నది చేద్దామా" అంటాడు. మౌస్‌తో మూల పట్టుకుని లోపలికి లాగుతుంటే "ఇంకాస్త, ఇంకాస్త" అంటాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు శుభాకాంక్షలు, తన ఫొటో, కోడిపుంజులు. పార్టీ పేరు లేదు, బ్యాక్‌గ్రౌండు లేత నీలం. ఆ వారంలోనే బాకీ వసూలు చేసుకోండి. వచ్చే నెల కండువా మారాక "అది పాత పార్టీ లెక్కండీ" అంటాడు.

నా లెక్కా తప్పింది, దాచను. జనసేన కూడా ఆ 2014 మార్చిలోనే, 14న, పుట్టింది. ఆ ఎన్నికల్లో పోటీ చెయ్యలేదు. 2019లో గెలిచింది ఒక్క రాజోలు, పవన్ కల్యాణ్ గారు మన భీమవరంలోనే ఓడారు. ఇదీ అంతే అనుకుని అప్పు ఖాతా మూసేశాను. 2024లో నిలబడ్డ 21కి 21 గెలిచారు. ఓడిన ఏడాది కూడా చిన్న చిన్న ఆర్డర్లు వస్తున్నాయా లేదా అన్నది చూసుకోవాల్సింది. నేను చూడలేదు.

డబ్బు రాని సరుకు పారెయ్యకండి. పది ఇంటూ ఎనిమిది బోర్డుకి నాలుగు మూలలా తాడు కట్టే ఐలెట్లు ఎలాగూ ఉంటాయి. దాళ్వా, అంటే రెండో పంట, మాసూళ్ళప్పుడు వాన మబ్బు పట్టిందంటే ధాన్యం రాశుల మీద కప్పుకోడానికి రైతులు వెతుక్కుంటూ వస్తారు. బొమ్మ లోపలికి వచ్చేలా మడిచి ఇవ్వండి. నా బ్యాటూ కుట్టు మిషను బోర్డులు 40లో 37 అలాగే పోయాయి.